పెరటి కోళ్ల రక్తపారుడుకు మందు ఊళ్లోనే ఉంచాలని మరోసారి వినతి

గౌరవనీయులైన జిల్లా పశుసంవర్ధక శాఖాధికారి గారికి,
మండలంలోని పెరటి కోళ్ల పెంపకందార్లందరూ కలిసి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: రాయితీ కోడిపిల్లల్లో రక్తపారుడు (కాక్సిడియోసిస్) మరణాలు, గ్రామస్థాయిలో మందు లేకపోవడం, ఇదివరకటి వినతిపత్రాలకు జవాబు రాకపోవడం గురించి.

అయ్యా,

రాయితీ మీద కోడిపిల్లలిచ్చే పెరటి కోళ్ల పథకం సంగతి, పిల్లల పంపిణీ తీరు, మా మండల పశువైద్యశాలలో సిబ్బంది కొరత తమకు తెలియనివి కావు. గత వినతిపత్రాల్లో అవన్నీ రాశాం, ఆ కాగితాలు తమ కార్యాలయంలోనే ఉండాలి. అందుకని మొదటికి వెళ్లకుండా అసలు సంగతికి వస్తున్నాం. ఏటా తొలకరి పడ్డాక, రాయితీ మీద వచ్చిన పిల్లలు రక్తపారుడుతో పోతున్నాయి. దీనికి మందు ఉంది. కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. 1960ల నుంచి వాడుకలో ఉన్న ఆంప్రోలియం అది. జబ్బు పడేది ఊళ్లో, మందు దొరికేది పట్నంలో. మా ఫిర్యాదంతా ఇదే.

ఈ దూరం ఎందుకు ప్రాణాంతకమో జబ్బు నడిచే లెక్క చూస్తే తెలుస్తుంది. పాత కోళ్ల రెట్టలో పడిన, ఈ జబ్బు తెచ్చే ఐమీరియా అనే పరాన్నజీవి గుడ్లు తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే సోకే శక్తి తెచ్చుకుంటాయి. వానాకాలపు పెరట్లో ఆ రెండింటికీ కొదవ లేదు. మట్టి కెలుకుతూ పిల్ల వాటిని మింగుతుంది. అన్నిటికంటే ఎక్కువ నెత్తురు పోయించే ఐమీరియా టెనెల్లా రకమైతే 4వ రోజుకో 5వ రోజుకో రెట్ట ఎర్రబడుతుంది. పిల్ల మేత మానేసి, ఈకలు ఉబ్బించి, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని మూల నిలబడుతుంది, తురాయి పాలిపోతుంది. 5, 6 రోజుల్లోనే చావులు. చచ్చిన పిల్లను కోసి చూస్తే పేగు చివరి రెండు తిత్తులూ ఉబ్బి, లోపల గడ్డకట్టిన నల్లటి నెత్తురు కనిపిస్తుంది. ఆంప్రోలియం బాగా పనిచేసేది ఈ క్రమంలో 3వ రోజు ప్రాంతంలో, అంటే నెత్తురు కనబడక ముందు. ఎర్రటి రెట్ట వేసిన పిల్లకు మందు అప్పటికే ఆలస్యం. దాని పక్కన తిరుగుతూ పైకి బాగానే ఉన్న పిల్లలకు మాత్రం ఇంకా సమయముంది. మొదటి ఎర్రటి రెట్ట కనబడిన పూటే గుంపు మొత్తానికీ నీళ్లలో మందు కలపాలి. ఆ పూట పశువైద్యశాలకు కబురు పెట్టి, డాక్టరు గారు క్యాంపు నుంచి వచ్చి చీటీ రాసి, ఎవరో పట్నం వెళ్లి తెచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. అందుకే మందు ఇంట్లో గానీ, కనీసం ఊళ్లో పశుసంవర్ధక సహాయకుల దగ్గర గానీ ఉండాలని గత వినతిపత్రంలోనూ అడిగాం, అంతకు ముందు దానిలోనూ అడిగాం.

పంపిణీ వేళ కూడా జబ్బుకు అనుకూలంగానే కుదిరింది. మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచిన పిల్లలను మాకిస్తున్నారు. వనరాజా జాతి అయినా గ్రామప్రియ జాతి అయినా, రక్తపారుడు ఎక్కువగా పట్టేది సరిగ్గా 3 నుంచి 6 వారాల వయసులోనే. యూనిట్లో తినే స్టార్టర్ మేతలో సాధారణంగా ఈ జబ్బును అణిచే మందు కలిపి ఉంటుంది. మా ఇంటికి రాగానే నూకలు, తవుడు. మేతతో పాటే రక్షణా ఆగిపోతుంది. అదే రోజు పాత కోళ్లు తిరిగిన మట్టి మీద పిల్ల అడుగు పెడుతుంది. ఇన్ని తెలిసి పిల్లలతో పాటు మందు పొట్లం ఇవ్వకపోవడాన్ని ఏమనాలో తామే చెప్పాలి.

కిందిస్థాయిలో మాకు వచ్చే మొదటి జవాబు, అది కొక్కెర తెగులు అయి ఉంటుంది, టీకా వేయించుకోండి అని. కొక్కెర తెగులుకు టీకా వేస్తున్నందుకు శాఖకు కృతజ్ఞతలే. కానీ అది వైరస్ జబ్బు: గురక, మెడ తిప్పుకోవడం, పచ్చటి తెల్లటి పారుడు, చిన్నా పెద్దా తేడా లేకుండా చావులు. ఇక్కడ పోతున్నవి ఎక్కువగా పిల్లలే, రెట్టలో నెత్తురు. ఆ టీకా ఈ పరాన్నజీవిని తాకను కూడా తాకదు. అనుమానముంటే తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. చిక్కటి ఉప్పునీళ్లలో రెట్ట కలిపి, పైకి తేలినదాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే చాలు. ఏ జబ్బన్నది చూడకుండా రిజిస్టరులో కొక్కెర తెగులని రాసుకుంటే రక్తపారుడు లెక్కల్లోకే రాదు. లెక్కల్లో లేని జబ్బుకు మందు ఇండెంటు పెట్టడం ఎలా కుదురుతుంది?

రెండో జవాబు, గూడు శుభ్రంగా ఉంచుకోమని. ఉంచుకోవాల్సిందే. గూట్లో బూడిదా సున్నమూ చల్లి పొడిగా ఉంచడం, నీళ్ల గిన్నెలో రెట్ట పడకుండా ఎత్తుగా పెట్టడం, పిల్లలను పెద్దకోళ్ల నుంచి విడిగా ఉంచడం వల్ల లోపలికి పోయే గుడ్ల సంఖ్య తగ్గుతుంది, జబ్బు తీవ్రత తగ్గుతుంది. కానీ ఆ గుడ్ల పెంకు గట్టిది. బ్లీచింగుకూ మామూలు ఫినాయిలుకూ లొంగదు. తేమ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫారంలో పొట్టు మార్చినట్టు పెరటి నేలను మార్చలేం కదా. ఒకసారి తట్టుకున్న కోడికి రోగనిరోధక శక్తి వస్తుందన్నదీ నిజమే, కానీ కోళ్లను పట్టే ప్రధాన ఐమీరియా రకాలు ఏడు. ఒకదాన్ని తట్టుకున్నది మరోదానికి లొంగుతుంది.

మూడోది కాస్త ఆలోచించాల్సిన అభ్యంతరం: జనం చేతికి మందిస్తే ఎలా పడితే అలా వాడతారు, మందుకు మొండితనం వస్తుంది అన్నది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఆంప్రోలియం దొరక్క దుకాణంలో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పోస్తున్నారు, నట్టల మందు పోస్తున్నారు. ఈ పరాన్నజీవి మీద ఆ రెండూ పనిచేయవు. ఊరికే యాంటీబయాటిక్ ఖర్చవుతోంది. పైగా నీరసానికని శాఖ వారే బి-కాంప్లెక్స్ టానిక్ చేతిలో పెడుతున్నారు. ఆంప్రోలియం పనిచేసేదే పరాన్నజీవికి బి-1 విటమిన్ అందకుండా అడ్డుకుని. అదే విటమిన్‌ను పక్కనుంచి పోస్తే మందు బలం తగ్గుతుంది. టానిక్ మందు కోర్సు ముగిశాక ఇవ్వాలని ఒక్క కరపత్రం వేయించడానికి ఏం అడ్డమో మాకు అర్థం కాదు. మోతాదు చెప్పడం కష్టమా అంటే అదీ కాదు. 20 శాతం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, 5 రోజులు. తర్వాత లీటరుకు 0.3 గ్రాములు, వారం నుంచి రెండు వారాలు. పది పిల్లలు రోజుకు సుమారు లీటరు తాగుతాయనుకుంటే, రెండు వారాల లెక్కకైనా మొత్తం దాదాపు 10 గ్రాములు. పది పిల్లలకు 10 గ్రాముల పొట్లం, మీద తెలుగులో నాలుగు వాక్యాలు. నీళ్లు తాగలేని పిల్లకు డ్రాపరుతో పోయాలని ఐదో వాక్యం. పట్నం దుకాణంలో దొరికేది ఫారం లెక్కకు కట్టిన పెద్ద పొట్లం. ఒకసారి విప్పితే వానాకాలపు గాలికి గడ్డకడుతుంది.

నిధులు లేవన్న మాట చివరిది. పిల్లకు రాయితీ ఇవ్వడానికి నిధులున్నాయి. ఆరు వారాలకే ఆ పిల్ల చస్తే ఆ రాయితీ మట్టిపాలే కదా! సంక్రాంతి దగ్గర పడితే కోడి అందరికీ గుర్తొస్తుంది, ఆషాఢంలో కూడా గుర్తుంచుకోమని మనవి.

ఇతర విషయాలు క్లుప్తంగా: కొక్కెర టీకా ఎండ ముదరక ముందు, ఐసు మీద తేవాలి. అమ్మోరు టీకా కూడా వేయాలి. సంచార వైద్య వాహనం గేదెకు వచ్చినట్టే కోళ్లకూ రావాలి.

కాబట్టి వచ్చే తొలకరి పంపిణీ లోపే పిల్లలతో పాటు ఆంప్రోలియం పొట్లాలు, కరపత్రం ఇప్పించాలని, ప్రతి గ్రామంలో కొంత నిల్వ ఉంచాలని, మండల పశువైద్యశాలలో రెట్ట పరీక్ష మొదలుపెట్టించాలని కోరుతున్నాం. కుదరదంటే ఎందుకు కుదరదో ఈసారైనా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయులు,
మండల పెరటి కోళ్ల పెంపకందార్లు