ముందు బ్రేకు... తర్వాతే బంపరు!

మీటరు మీద 2,10,000 కిలోమీటర్లు. ముందు సీటు చిరిగింది. డ్రైవరు పక్క తలుపు గట్టిగా లాగి వేస్తేగానీ పడదు. అయినా ఆ పాత బొలెరో వచ్చిన రోజు ఊళ్లో పండగే. పాడేరు నుంచి లోపలికెళ్లే దారిలో ఉంటుందా ఊరు. బస్సు తారురోడ్డు దాకానే. అక్కణ్నుంచి ఆరు కిలోమీటర్లు మట్టి, రాళ్లు, మధ్యలో ఓ గెడ్డ. కొన్నది చిన్న కాఫీ రైతు. గింజల బస్తాలు సంతకు చేర్చుకోవచ్చన్నది ఆయన లెక్క. ఊరి లెక్క వేరు. నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకెళ్లే బాధ ఇక తప్పుతుందని.

ఆయన కొడుకు లెక్క ఇంకోటి! లావుపాటి టైర్లు, ముందు ఇనుప గార్డు, టాపు మీద లైట్ల వరస, మెరిసే చక్రాలు... జాబితా రాసుకుని మరీ నర్సీపట్నం షెడ్డుకి తీసుకెళ్లాడు. మెకానిక్ ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, జాకీ తెమ్మన్నాడు.

కొండదారికి పాత బండిని సిద్ధం చేయడమంటే మొదట చూడాల్సింది కిందే. బొలెరో 2000లో వచ్చింది. టాటా సుమో 1994 నుంచి 2019 దాకా తయారైంది. క్వాలిస్ అయితే 2000లో వచ్చి 2005కల్లా ఆగిపోయింది. పల్లెల్లో ఇప్పటికీ వీటికి గిరాకీ ఉందంటే కారణం సోకు కాదు. బలమైన ఛాసిస్ మీద విడిగా కూర్చోబెట్టిన బాడీ, వెనక కమాన్ పట్టీలు. మండల కేంద్రంలో ఉండే మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. కానీ ఛాసిస్సే పుచ్చిపోతే మిగతా ఖర్చంతా బూడిదలో పోసినట్టే. కమాన్ పట్టీలు తగిలించే చోట, స్టీరింగ్ బాక్సు బిగించే చోట పగుళ్లు, పాత వెల్డింగు మచ్చలు ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. పైన కొత్త రంగు, కింద మందంగా నల్ల పూత ఉంటే అనుమానించాల్సిందే.

మీటరు మాట నమ్మడానికీ లేదు. తిప్పేసి అమ్మేవాళ్లు ఎక్కువే. పెడళ్ల రబ్బర్లు అరిగి నున్నగా ఉండి, మీటరు మాత్రం అరవైవేలే చూపిస్తుంటే ఏదో తేడా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే అసలు వయసు బయటపడుతుంది. అక్కణ్నుంచి పొగ బుసబుసా తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. అలాంటి బండికి లైట్లు కొనే డబ్బు ఇంజిన్ పనికి దాచుకోవడం మేలు.

ఇక బ్రేకులు. కాఫీ రైతు బండి కింద మెకానిక్ ఎక్కువసేపు గడిపింది ఇక్కడే. ఈ తరహా బండ్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఘాట్ దిగుతున్నప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచితే అవి కాలిపోతాయి. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. ఈ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్-3 రకమైతే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే బుడగలు... బుడగలొస్తే పెడల్ నేలకి ఆనేదాకా తొక్కినా బండి ఆగదు. పాత బండి కొంటే పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించడం, రబ్బరు గొట్టాలు మార్పించడం మొదటి పని. ఆ తర్వాత రెండేళ్లకోసారి. ఇంకో దురలవాటు ఉంది... డీజిల్ మిగుల్తుందని దిగుడులో ఇంజిన్ ఆపేసి వదిలేయడం! ఇంజిన్ ఆగితే బ్రేకుకి సాయం చేసే వ్యాక్యూమ్ కూడా ఆగుతుంది. ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయైపోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాతకాలం డ్రైవర్ల మాట అందుకే పుట్టింది.

టైర్ల దగ్గర కుర్రాడు పట్టు వదల్లేదట. బొలెరోకి కంపెనీ ఇచ్చే సైజు 215/75 ఆర్15. దాని బదులు 235/75 వేస్తే బండి ఎత్తు పెరుగుతుందన్నది ఆశ. లెక్కేసి చూస్తే చక్రం వ్యాసం 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. నేలకీ బండికీ మధ్య ఖాళీ పెరిగేది అందులో సగమే, ఒకటిన్నర సెంటీమీటర్లు! దానికి బదులుగా ఎక్కుడులో ఇంజిన్ మీద, క్లచ్ ప్లేటు మీద భారం. స్పీడోమీటరు 60 అంటుంటే బండి వెళ్లేది 62 పైనే. అదే సైజులో లోతైన గళ్లున్న టైర్లు వేయించుకుంటే బురదలో పట్టు వస్తుంది, ఈ తలనొప్పులు రావు. పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడటం మర్చిపోవద్దు. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైనట్టు. గళ్లు బాగున్నా ముసలి టైరు ముసలిదే.

కమాన్ కట్టలో అదనంగా ఓ పట్టీ వేయించడం కూడా అంతే. బస్తాలున్నప్పుడు బాగుంటుంది. ఖాళీగా వస్తే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు తప్పుతుంది. లోపల ఉన్నది గర్భిణి అయితే? వాలిపోయిన పట్టీలు మార్చి, బుష్‌లు, షాకబ్జర్లు కొత్తవి వేయిస్తే సగం జబ్బు నయమవుతుంది. స్టీరింగ్‌లో గడగడలుంటే రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు చూడాలి. ఇవి బయటికి కనిపించవు, ఫొటోల్లో పడవు. అందుకే వీటికి డబ్బు పెట్టడానికి ఎవరికీ చేతులు రావు!

ఇనుప గార్డు సంగతి చట్టమే తేల్చేసింది. వాటిమీద చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సొంత బండికి పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు. అక్కడ లైట్ల వరస సాయం చేయదు. ఘాట్ మలుపులో ఎదురొచ్చే బస్సు డ్రైవరు కళ్లు మాత్రం మూయిస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది గాలి గొట్టం. ఎర్రమట్టి దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ తరచూ మార్చాలి. ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం చిట్లితే కొత్త ఫిల్టర్ ఉన్నా దండగే, దుమ్ము నేరుగా లోపలికెళ్లి రింగుల్ని తినేస్తుంది. గెడ్డ దాటేటప్పుడు ఆ గొట్టం మూతి ఎంత ఎత్తులో ఉందో తెలిసుండాలి. నీళ్లు ఇంజిన్ లోపలికి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ ఖర్చుకి ఇంకో పాత బండే వచ్చేస్తుంది.

వెనక హౌసింగ్‌కి ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం ఒకటుంటుంది. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి అక్కణ్నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. వానాకాలం గెడ్డలు దాటే బండికి నెలకోసారైనా ఆ ఆయిల్ చూసుకోవాలి. పాలకాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చాల్సిందే.

చివరికి ఆ బొలెరోకి పడినవి కొత్త బ్రేకు గొట్టాలు, షాకబ్జర్లు, బుష్‌లు, పాత సైజువే కొత్త టైర్లు. డిక్కీలో ఓ ఫ్యాన్ బెల్టు, లాగడానికి తాడు, గాలి నిండిన స్టెప్నీ. వాటితోపాటు అడుగు వెడల్పున్న చెక్క ముక్క ఒకటి... మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి.