రాతిలో తొలిచిన తొట్లు

(ద్వితీయోపదేశకాండము 6:7 చదవండి)

ప్రియులారా, ఈ సెలవుల్లో మేము కుటుంబంగా విశాఖపట్నం నుండి తీరం వెంబడి భీమునిపట్నం వెళ్తూ, దారిలో తొట్లకొండ ఎక్కాము. అక్కడివి దాదాపు 2000 సంవత్సరాల నాటి బౌద్ధారామ శిథిలాలు, 1976లో వెలుగుచూశాయి. నీటి నిలువకు రాతిలో తొలిచిన తొట్లవల్లనే కొండకు ఆ పేరు. ఎదుట అంత సముద్రమున్నా దాహానికి పనికిరాదు గదా!

మన పిల్లల చుట్టూ మాటల సముద్రమున్నది. శోధనలో దప్పిక తీర్చేది మాత్రం హృదయంలో నిలువచేసిన వాక్యమే. దప్పికైనప్పుడు నుయ్యి త్రవ్వితే ఏమి లాభం? ఇంటనైనా, త్రోవలోనైనా పిల్లలకు నేర్పమన్నాడు మోషే. రేపు హాస్టలుకో, ఉద్యోగానికో వెళ్లే బిడ్డలతో ఈ రాత్రే కుటుంబ ప్రార్థనకు కూర్చుందాము. ప్రభువు మీ గృహములను దీవించును గాక!