బయటికెళ్లి చూపించమని అడగొద్దు

సంపాదకుల వారికి,

నేపాల్ అల్లర్లప్పుడు ఖాట్మండు హోటళ్లలో చిక్కుకుపోయిన మన యాత్రికుల వీడియోలు తెలుగు ఛానళ్లు పోటీలు పడి వేశాయి. దానివల్ల మేలే జరిగింది. ఎవరెక్కడున్నారో నలుగురికీ తెలిసింది. 2025 సెప్టెంబరు 11న ప్రత్యేక విమానం వేసి విశాఖకు, తిరుపతికి తీసుకొచ్చారు కూడా. నా పేచీ వీడియోలు వేయడం మీద కాదు, అడిగి మరీ తీయించడం మీద.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మా వీధి కుర్రాడొకడు అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఒక ఛానల్ వాళ్లు వాణ్ణి ఫోన్‌లో లైవ్‌లోకి తీసుకున్నారు. బంకర్లో మంచినీళ్లు అయిపోతున్నాయని వాడు చెబుతుంటే యాంకర్ మధ్యలో అందుకుని, "బాబూ, ఒక్కసారి పైకెళ్లి బయటెలా ఉందో మా ప్రేక్షకులకు చూపిస్తావా?" అంది. ఇక్కడ వాళ్లమ్మ టీవీ వంక చూస్తూ "ఎళ్లమాకరా నాన్నా!" అని ఒకటే అరుపు. లైన్ కట్టయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వెళ్లేవాడే. ఆ వయసులో టీవీలో కనపడాలని ఎవరికుండదు? ఆ మార్చి 1నే ఖార్కివ్‌లో సరుకుల కోసం బయటికొచ్చిన కర్ణాటక విద్యార్థి దాడిలో చనిపోయాడు.

వార్త కోసం ప్రాణాలకు తెగించిన వాళ్లు మనకూ ఉన్నారు. మా జిల్లాలోని జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యమైన రోజుల్లో, 1948 ఆగస్టులో, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదులో చేయి నరికి చంపారు. రజాకార్లకు వ్యతిరేకంగా రాస్తే ఏమవుతుందో తెలిసే రాశాడాయన. పులిట్జర్ అందుకున్న రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీకి వెనక పెద్ద సంస్థ, పక్కన అఫ్ఘాన్ ప్రత్యేక దళం ఉన్నాయి. అయినా 2021 జూలై 16న స్పిన్ బోల్దక్‌లో ప్రాణం దక్కలేదు. అనుభవం, అండ అన్నీ ఉన్నవాళ్ల గతే అది. వాళ్లు ఆ వృత్తిని కోరి ఎంచుకున్నారు. మా వీధి కుర్రాడు డాక్టరవుదామని వెళ్లాడు.

అల్లరి మూకకు కెమెరా అంటే ఎంత మంటో వేరే చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబరు 9న ఖాట్మండులో కాంతిపూర్ మీడియా ఆఫీసునే తగలబెట్టారు. అలాంటి వీధిలో సెల్‌ఫోన్ పైకెత్తిన యాత్రికుణ్ణి చూసి ఊరుకుంటారా?

విలేకరిని విదేశం పంపే స్తోమత మాకెక్కడిదని మీరనొచ్చు. మండలాల్లో కంట్రిబ్యూటర్లకు అచ్చయిన వార్త పొడవును బట్టి, లైన్ అకౌంట్ లెక్కన డబ్బిచ్చేవాళ్లు ఖాట్మండుకు మనిషిని పంపుతారని నేనూ అనుకోను. పంపలేకపోతే ఏజెన్సీ వార్త వాడుకోండి. లేదా అక్కడి విలేకరికే డబ్బిచ్చి, పేరు వేసి, బీమా చేయించి రాయించుకోండి. బీమా మాట ఊరికే అనడం లేదు. 2024 జూలైలో ఢాకా అల్లర్లలో తూటాలకు బలైన 'ఢాకా టైమ్స్' విలేకరి మెహదీ హసన్ ఆ ఊరి వీధులు తెలిసినవాడే.

చిక్కుకున్నవాళ్లతో మాట్లాడేటప్పుడు, ఉన్నచోటు నుంచి కదలొద్దని ముందుగా చెప్పండి. హోటల్ పేరు, గది నంబరు హెల్ప్‌లైన్‌కు పంపండి, తెర మీద వేయకండి. మీ పత్రికకూ యూట్యూబ్ ఛానల్ ఉంది కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కంచికచర్ల, ఎన్టీఆర్ జిల్లా