చెవులపిల్లి కూనను చేనులోనే వదలండి

పెసర చేను కోసేటప్పుడు చెవులపిల్లి కూనలు దొరకడం మన పల్లెల్లో మామూలే. జనగామ మెట్ట చేలలోనైనా, మహబూబాబాద్, భూపాలపల్లి అడవి అంచు పొలాలలోనైనా పిల్లలు వాటిని ఇంటికి తెచ్చి, గంప కింద మూసి, ఆవుపాలు పోస్తారు. చాలావరకు అవి నాలుగు రోజులైనా బతకవు. తల్లి వదిలేసిందనుకుని తెచ్చామంటారు. నిజానికి ఈ కూన కళ్లు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతోనే పుడుతుంది. తల్లి పగలు దూరంగా ఉండి, పొద్దుగూకాక వచ్చి పాలిచ్చి పోతుంది. దొరికిన కూనను పక్కనే గట్టు గడ్డిలో వదిలితే చాలు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం నేరం.

పిల్లలు మరీ మారాం చేస్తే పెంపుడు తెల్ల కుందేలు ఉంది. అది వేరే జాతి, యూరప్‌లో బొరియల్లో బతికే కుందేలు సంతతి. మనిషికి మచ్చికవుతుంది. అయితే దానికి పెరుగన్నం, బిస్కెట్లు పెట్టి చంపేవారూ ఉన్నారు! దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. కనుక గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి. క్యారెట్ చిన్న ముక్క చాలు. తన మెత్తని పెంటికలు తానే తింటే రోగమని బెదరవద్దు, అందులోని సత్తువ దానికి అవసరం. వెనక కాలితో నేలను కొడితే భయపడిందన్నమాట. చెవులు పట్టి ఎత్తరాదు. వేసవిలో రేకుల కింద ఉంచితే ప్రాణం పోతుంది.

పశువైద్య సిబ్బంది గ్రామాలకు వచ్చినప్పుడు, పెసర కోతలకు ముందే బడికి వెళ్లి ఈ సంగతులు పిల్లలకు చెప్పాలి.