ఊరు మారిన ప్రతిసారీ మొదటి పాఠమే

నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం వెళ్లడానికి గంట పట్టదు. అక్కడి నుంచి కొల్లేటి ఒడ్డు కూడా పెద్ద దూరమేం కాదు. 2022 ఏప్రిల్ 4 దాకా ఈ దారంతా ఒకే జిల్లా. ఆ రోజుతో నల్లజర్ల తూర్పుగోదావరికి వెళ్లింది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది, భీమడోలు, దెందులూరు వైపు కొల్లేరు కొత్తగా వచ్చిన ఏలూరు జిల్లా కిందికి చేరింది. సొంత ఇల్లూ పొలమూ ఉన్నవాళ్లకు దీనివల్ల కలెక్టరాఫీసు మారింది, అంతే. బాతుల మంద వెంటో, ఇటుక బట్టీ పనికో, చేపల చెరువు కాపలాకో ఆలుబిడ్డలతో తిరిగే మనిషి సంగతి వేరు. అతను ఒక్క ఏడాదిలో ముగ్గురు జిల్లా విద్యాశాఖాధికారుల పరిధి దాటగలడు. అతని పిల్లలు ఆ ముగ్గురిలో ఎవరి లెక్కలోనూ కుదురుగా ఉండరు.

ఈ తిరుగుడుకు ఒక వరస ఉంది. డెల్టాలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. కోసిన చేలో రాలిన గింజల కోసం, నత్తల కోసం బాతులను తోలుకుంటూ ఒక ఆయకట్టు నుంచి మరో ఆయకట్టుకు పోతారు. మెట్టలో సంక్రాంతి వెళ్లేసరికి పొగాకు బ్యారన్లు మండుతుంటాయి. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం చుట్టుపక్కల ఆకు రెల్లడానికి, కర్రలకు కట్టడానికి మనుషులు కావాలి. వానలు పడే దాకా ఇటుక బట్టీలు ఉండనే ఉన్నాయి. దీని పక్కన బడి క్యాలెండర్ పెట్టి చూడండి. జూన్ రెండో వారంలో తలుపులు తెరుస్తారు, ఏడాది నడుమ పరీక్షలు సార్వా కోతల వెనకే వస్తాయి, చివరి పరీక్షలు ఏప్రిల్‌లో. పరీక్ష రాయాల్సిన వేళకే పిల్లాడు ఊళ్లో ఉండడు. తల్లిదండ్రుల అశ్రద్ధ అని ఒక్క మాటతో దీన్ని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. చేను ఎప్పుడు కోతకు రావాలో వాళ్ల చేతిలో లేదు.

ఊళ్లో కుదురుగా ఉన్న కుటుంబం చదువులో లోటును ప్రైవేటుతో పూడ్చుకుంటుంది. 2022 నాటి అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల్లో 30.5 శాతం డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవారు. 2018లో అది 26.4 శాతం. నల్లజర్లలోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా చీకటి పడేవేళకు ఏదో ఒక వరండాలో పది పదిహేను మంది పిల్లలు చాపల మీద కూర్చుని కనిపిస్తారు. చెప్పేది చాలాచోట్ల డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న అమ్మాయో, రిటైరైన మాస్టారో. కొలువులో ఉన్న టీచర్లు ప్రైవేటు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది కనుక పద్ధతి ప్రకారం మిగిలేది వీళ్లే.

ఆ వరండాలో ఎక్కువ సేపు జరిగేది హోంవర్క్ చేయించడం. పగలు బడిలో ఏం చెప్పారో దాన్ని సాయంత్రం మరోసారి దిద్దించడం. నెల ఫీజు ముందే కట్టాలి. వారం కూలి మీద బతికే కుటుంబం, ఇరవై రోజుల తర్వాత ఏ గట్టు మీద ఉంటుందో తెలియని కుటుంబం ఆ గుమ్మం ఎక్కదు. ఎక్కినా, హోంవర్కే లేని పిల్లాడితో ఆ అమ్మాయి ఏం చేయాలి? అతనొక్కడికి వేరే పాఠం మొదలుపెడితే మిగతా పిల్లల తల్లులు మర్నాడే వచ్చి అడుగుతారు. ఆమెను తప్పుపట్టలేం. బడి ఉన్న పిల్లాడికే ఆ ప్రైవేటు. పిల్లాడికి అసలు ఆసరా కావలసింది బడి జారిపోయినప్పుడు. అప్పుడు మాత్రం ఎవరూ దొరకరు.

గట్టు మీద గుడిసెలో ముగ్గురు పిల్లలున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పెద్దమ్మాయికి పన్నెండేళ్లు. బాతు గుడ్ల లెక్కంతా ఆమెదే, నోటితో చకచకా చెప్పేస్తుంది. కాగితం మీద మాత్రం పక్క స్థానం నుంచి అప్పు తెచ్చి తీసివేయడం రాదు. రెండోవాడికి తొమ్మిదేళ్లు, అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాడు గానీ కలిపి చదవలేడు. మూడోవాడు పిలిస్తే పలకడు. పెంకివాడని తల్లి అంటుంది. వీళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే ముగ్గురికీ అన్యాయమే. పెద్దదానికి కొన్ని నెలలు గట్టిగా లెక్కలు చెబితే తరగతిని అందుకుంటుంది. మూడోవాడికి పాఠం కంటే ముందు చెవి పరీక్ష చేయించాలి. చిక్కు రెండోవాడి దగ్గర.

తొమ్మిదేళ్లొచ్చినా చదవడం రాలేదంటే వరసగా ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యమూ కావచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఉంది. ఏదన్నది తేల్చేదెలా? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ ప్రమాణాలను మన వైద్యులూ చూస్తారు. ఆ ఇబ్బంది మీదే ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి నేర్పినా కనీసం ఆరు నెలలు అది పోకుండా ఉండాలని వాటిలో ఒక షరతు. సరైన బోధన అందకపోవడం వల్లో, బోధించే భాష రాకపోవడం వల్లో వచ్చిన ఇబ్బంది అయితే దాన్ని వైకల్యంగా లెక్కించకూడదని మరొకటి. రెండూ న్యాయమైన షరతులే. అయితే ఆరు నెలలు ఒకే మనిషి దగ్గర చదివే యోగమే లేని పిల్లాడి విషయంలో మొదటిది ఎప్పటికీ తీరదు, రెండోది ఎప్పుడూ అడ్డొస్తుంది. ‘బడికి సరిగ్గా వచ్చిందెప్పుడు, చదువు రాకపోక ఏమవుతుంది’ అని ప్రతి కొత్త టీచరూ అంటారు. ప్రతిసారీ ఆ మాట నిజంలాగే వినిపిస్తుంది. కుదురుగా చదివే పిల్లాడి లోపం మూడు, నాలుగు తరగతుల్లో బయటపడితే, తిరిగే పిల్లాడి లోపం గైర్హాజరు చాటున అతను బడి పూర్తిగా మానేసే దాకా దాగి ఉంటుంది. దీనికి విరుద్ధమైన తప్పు కూడా జరుగుతుంది: ఏ లోపమూ లేని పిల్లాణ్ని, కేవలం చెప్పేవాళ్లు లేక వెనకబడినవాణ్ని, మందబుద్ధి అని వెనక బెంచీకి పంపేస్తారు.

ఇలాంటి ఇంటికి కావలసిన ప్రైవేటు మాస్టారు మార్కులు పెంచేవాడు కానక్కర్లేదు. ముగ్గురు పిల్లలనూ నెలల తరబడి ఒకే కంటితో చూసి, ఎవరు ఎక్కడ ఆగారో గుర్తుంచుకునే మనిషి చాలు.

మన సేవలన్నీ చిరునామాకు కట్టేసి ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి. కదలలేని పిల్లల ఇంటికే వెళ్లి నేర్పే ఏర్పాటూ ఉంది. ఇల్లే కదులుతుంటే ఆ ఏర్పాటు ఏ గుమ్మానికి వెళ్తుంది? వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి స్లాట్ దొరికి, వైద్యుడు చూసి, ధ్రువపత్రం చేతికొచ్చేలోగా గుడిసె మరో గట్టు మీదికి మారుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు అక్కడ లేనివాడి చెవి సంగతి ఎవరికీ పట్టదు. పిల్లలకు 12 అంకెల ఆపార్ సంఖ్య ఇస్తున్నారు, ఏ ఊరెళ్లినా వెంట వస్తుంది. తరగతీ మార్కులూ అందులో దొరుకుతాయి. గుణింతం ఎక్కడ ఆగిందో దొరకదు.

చట్టం తన వంతు కొంత చేసింది. టీసీ ఆలస్యమైందని పిల్లాణ్ని వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతున్నాయి. గేటు తీశారు సరే, మూడు వారాలుండి వెళ్లిపోయేవాడికి లోపల ఎవరు, ఏం చెప్పాలో ఎక్కడా లేదు. మధ్యలో ఒక విచిత్రం: సంచార, విముక్త జాతుల కోసం కేంద్రం 2022 ఫిబ్రవరిలో సీడ్ అనే పథకం తెచ్చింది, ఐదేళ్లకు 200 కోట్ల రూపాయలు. అందులో ఉచిత కోచింగ్ కూడా ఉంది, పోటీ పరీక్షలకు. పైకి వచ్చిన కొద్దిమందికి అది మేలే, కాదనను. అక్షరాలు కలపడం దగ్గరే ఆగినవాడు ఆ కోచింగ్ దాకా ఎలా వస్తాడో పథకం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

పిల్లలను వెంట తిప్పడం దేనికి, సీజనల్ హాస్టల్లో ఉంచొచ్చు కదా అనే వాదన బలమైనదే. ఎం.వి. ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో నడిపిన బ్రిడ్జి క్యాంపులు ఈ విషయంలో మనకున్న గట్టి అనుభవం. వేర్వేరు వయసుల, వేర్వేరు స్థాయుల పిల్లలను ఒకచోట చేర్చి చదువు పట్టించి, నేరుగా బడిలో దింపడం ఆ పద్ధతి. బడికి బయట సమాంతరంగా ఏదో చదువు నడిపితే అది పిల్లల పనిని సమర్థించడమేనని ఆ సంస్థ మొదటి నుంచీ అంటోంది. ఆ హెచ్చరికను నేనూ ఒప్పుకుంటాను. అయితే హాస్టల్ అందరినీ తీసుకోదు. చెవుడున్న ఆరేళ్లవాణ్ని, కాలకృత్యాలకు మనిషి తోడు కావలసిన పిల్లను చూసుకునే సిబ్బంది అక్కడ ఉండరు. ఆ పిల్లలు తల్లితోనే తిరుగుతారు, వాళ్లను కనిపెట్టుకోవడానికి అక్క కూడా ఆగిపోతుంది. ఒకరి అవసరం ఇద్దరి చదువును ఆపేస్తుంది. పైగా ఆగిపోయేది ఎప్పుడూ ఆడపిల్లే.

తిరిగేవాళ్ల వెంట చదువు తిరగడం ఎక్కడా లేని కోరిక కాదు. జమ్మూ కశ్మీర్‌లో కొండ మీది మేతకు పోయే బకర్వాల్, గుజ్జర్ కుటుంబాల వెంట సీజనల్ టీచర్లు వెళతారు. హైదరాబాద్ శివార్లలో రాచకొండ పోలీస్ కమిషనర్‌గా మహేశ్ భగవత్ ఉన్నప్పుడు ఇటుక బట్టీల దగ్గరే ఒడియా పిల్లలకు ఒడియాలో పాఠాలు మొదలయ్యాయి. ఆ పనికి పోలీసులు కదలాల్సి వచ్చిందన్నది మనం తలదించుకోవలసిన సంగతి. ఆ బడుల గొప్ప భాషలో ఉంది. తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురు పేజీల్లో ఉన్న మన పుస్తకం ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన పిల్లాడికి రెండు వైపులా పరాయిదే.

ఇంగ్లండ్ 1996 విద్యా చట్టం వృత్తిరీత్యా తిరిగే కుటుంబాల పిల్లలకు ఏడాదికి 200 పూటలు హాజరైతే తల్లిదండ్రులను కేసులో దోషులుగా తేల్చకూడదంటుంది. పూటల లెక్కన అంటే 100 రోజులు. మనం అమ్మఒడి పథకం కాలంలో 75 శాతం హాజరును షరతుగా పెట్టాం. బాతుల వెంట తిరిగే తల్లికి ఆ డబ్బు అందే దారే లేకుండా చేశాం. ఇక మాస్టారు రోజూ ఎదురుగా ఉండాలన్న పట్టింపూ అక్కర్లేదు. కరోనా కాలంలో బోట్స్వానాలో వారానికోసారి ఇరవై నిమిషాలు మామూలు ఫోన్‌లో తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడి, పిల్లాడి స్థాయిని బట్టి లెక్కలు చెబితే చదువు మెరుగుపడిందని 2022లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఆ తర్వాత మన దేశంతో సహా మరో ఐదు దేశాల్లో ఆ పద్ధతిని పరీక్షించారు. కీప్యాడ్ ఫోన్ ఉంటే చాలు. గట్ల మీద అన్నం కుండ లేని గుడిసె ఉండొచ్చు గానీ ఫోన్ లేని గుడిసె అరుదు.

కాబట్టి మూడు జిల్లాల సమగ్ర శిక్షా కార్యాలయాలు కలిసి కొల్లేటి గట్ల నుంచి తాడేపల్లిగూడెం మీదుగా నల్లజర్ల మెట్ట దాకా ఒక్కో గుంపు కుటుంబాలకు ఒక్కో ట్యూటర్‌ను పెట్టాలి. వరండాల్లో ప్రైవేటు చెబుతున్న ఆ డిగ్రీ అమ్మాయిల్లోంచే ఎంచుకుని, కొన్ని వారాలు భవిత కేంద్రంలో తర్ఫీదు ఇవ్వొచ్చు. వారానికోసారి ఫోన్, నెలలో రెండు మూడుసార్లు ముఖాముఖి. ప్రతి పిల్లకూ ఒక నోటుబుక్, అది తల్లి దగ్గరే ఉంటుంది; ఏం వచ్చో, ఏం రాదో, ఏ తేదీన ఏం చెప్పారో అందులో రాస్తారు. ఏ బడిలో అడుగుపెట్టినా టీచరు మొదట చూడవలసింది అదే. ఆరు నెలల నోటుబుక్ చేతిలో ఉంటే వైద్యుడూ రెండోవాడి గురించి ఒక మాట చెప్పగలుగుతాడు. పిల్లల పేర్లు మాత్రం ఏదో ఒక బడి పట్టీలో ఉండి తీరాలి, శాంతా సిన్హా హెచ్చరిక అందుకే. జీతం ప్రత్యేక శిక్షణ నిధుల నుంచి రావాలి గాని తల్లి కొంగు ముడి నుంచి కాదు. చీకటిపడ్డాక చెరువు గట్ల మీద ఒంటరిగా తిరగమని ఏ అమ్మాయికీ చెప్పలేం. ఇద్దరిని జంటగా పంపాలి, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి, చెరువు యజమాని ఒక పాకా, ఒక దీపం చూపించాలి. ఇవి రాయకుండా పథకం రాస్తే మొదటి నెలలోనే ఆగిపోతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మందికి ఒకరు, ఆ పైన 15 మందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. దాన్ని అనుసరించి మన రాష్ట్రం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. వాటిని బడుల్లో నమోదైన పిల్లల లెక్కన పంచితే గట్ల మీద పిల్లల వాటాకు ఒక్కటీ రాదు. కొన్నింటినైనా మండలానికి బదులు దారికి కేటాయించాలి. సార్వా కోతలు మొదలయ్యేలోగా ఆ మూడు జిల్లాల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని పిల్లల జాబితా రాస్తే, దాళ్వాకు ట్యూటర్లు దారిలో ఉంటారు.