ఓడ మనదే, దాని పార్టు ఎవల చేతుల ఉన్నది?

2025 జులై 1న రష్యాలోని కలినిన్‌గ్రాడ్‌ల ఐఎన్‌ఎస్ తమాల్ మన నేవీల చేరింది. అంతకుముందు 2024 డిసెంబర్‌ల ఐఎన్‌ఎస్ తుషిల్ వచ్చింది. ఫోన్లల ఫొటోలు మస్తు తిరిగినయ్. వాటి ఇంజిన్ల ముచ్చట మాత్రం ఎవలూ తియ్యలే.

ఓడలు కట్టింది రష్యా. గ్యాస్ టర్బైన్లు చేసింది ఉక్రెయిన్‌ల మైకొలాయివ్ పట్నంలున్న జోర్యా మాష్‌ప్రోయెక్ట్. 2014ల క్రిమియా లొల్లి అయినంక ఉక్రెయిన్ రష్యాకు ఇంజిన్లు అమ్ముడు బంద్ వెట్టింది. మనమే కొని రష్యాకు అప్పజెప్తె గానీ ఓడలు పూర్తి కాలే. 2022 నుంచి ఆ రెండు దేశాలు పూర్తి యుద్ధంల ఉన్నయ్, మైకొలాయివ్ మీద మిసైళ్లు పడ్డయ్. మన ఢిల్లీ, కోల్‌కతా తరగతి డిస్ట్రాయర్లల కూడా ఉక్రెయిన్ టర్బైన్లే తిరుగుతున్నయ్. రేపు ఓ బ్లేడు విరిగితే ఎవల్ని అడగాలె?

ఓడను ముప్పై ఏండ్లు నడిపియ్యాలె. కొన్ననాడు పేపర్ల మొదటి పేజీల వస్తది. పార్టు లేక రేవుల నిలవడ్డనాడు దాని పేరు సుత ఎవలకూ యాదికి రాదు. నాకు కోపమొచ్చేది గీడనే.

గీ పార్టుల లెక్క కిరాణా దుకాణం లెక్క కాదు. దుకాణంల ఏది బాగ పోతే గదే తెప్పిస్తరు. ఫిల్టర్లకు, గ్యాస్కెట్లకు ఆ పద్ధతి నడుస్తది. పెద్ద గేరు, ప్రొపెల్లర్ షాఫ్ట్ అసొంటివి పదేండ్లల ఒక్కసారి కూడా అక్కరకు రాకపోవచ్చు. అక్కరపడ్డనాడు గోదాంల లేకపోతే, కొత్తది చేపిచ్చి తెచ్చేసరికి నెలలు, ఒక్కోసారి ఏండ్లు పడతది. ముందే కొనిపెడితే ఆడిటోళ్లు వచ్చి, ఇన్నేండ్లు వాడనిదానికి పైసలెందుకు పెట్టిన్రని అడుగుతరు. రబ్బరు సీళ్లది ఇంకో తిప్పల. వాడకున్నా, ఉత్తగ పెట్టినా వాటి గడువు దాటిపోతది.

దొరకనప్పుడు ఒక ఓడ నుంచి ఊడవీకి ఇంకో ఓడకు బిగిస్తరు. అమెరికా నేవీ కూడా గిదే చేస్తది, కానిబలైజేషన్ అంటరు. మా దిక్కు బోరు స్టార్టర్లకు, ట్రాక్టర్లకు గిట్లనే చేస్తం, గండం గడుస్తది. ఓడల గదే పని రెండింతలైతది. ఊడవీకినకాడ మళ్ల కొత్తది బిగియ్యాలె. పీకుతుంటె బాగున్నది కూడా పలగొచ్చు. అప్పటిదాంక రెండో ఓడ కదలది.

విశాఖల జరిగింది చూడుండ్రి. రష్యాల తయారైన సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ సింధుకీర్తి 2006ల హిందుస్తాన్ షిప్‌యార్డుకు పెద్ద రిపేరుకు పోయింది. బయటికొచ్చింది 2015ల. యార్డుకు ఆ రకం సబ్‌మెరైన్ పని కొత్త, ఆ మాట ఒప్పుకోవాలె. కానీ బయటి దేశం నుంచి రావాల్సిన సామాను కోసం ఎదురుచూసుడు కూడా తోడైంది. ఆ తొమ్మిదేండ్లు నేవీకి ఒక సబ్‌మెరైన్ లేనట్టే లెక్క.

రక్షణ శాఖ 2020 ఆగస్టుల సృజన్ పోర్టల్ పెట్టింది. బయటినుంచి కొనే సామాన్ల జాబితా ఇచ్చి, ఇక్కడ చెయ్యగలిగెటోళ్లు ముందుకు రండ్రి అన్నది. మంచిదే. కానీ బాలానగర్‌ల నాలుగు లేత్ మిషన్లున్న చిన్న వర్క్‌షాపాయన సంగతేంది? పది పీసుల ఆర్డర్ కోసం డై చేపిచ్చి, టెస్టుల కర్చు మీదేసుకొని, మళ్ల ఆర్డర్ వస్తదో రాదో తెల్వకుంట ఎన్నిరోజులు కూసుంటడు? ఐదేండ్లకు సరిపోయే ఆర్డర్ ఒక్కపారి రాసియ్యాలె. టెస్టుల కర్చుల సర్కారు సగం మొయ్యాలె. ఇగ కొత్త ఓడ కొన్నప్పుడు పార్టుల డ్రాయింగులు కూడా అగ్రిమెంట్లనే రాపిచ్చుకోవాలె, ఓడ చేతికొచ్చినంక అడిగితే వాళ్లు చెప్పిందే ధర.

ఐటీఐల ఫిట్టర్, టర్నర్ చేసి ఖాళీగున్న తమ్ముళ్లకు ఒక మాట. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఐటీఐ పాసైనోళ్లను తీస్కుంటది. నోటిఫికేషన్ మీద ఓ కన్నెయ్యుండ్రి.