ఆ నలుపు ఫంగస్‌ది కాదు

ఈసారి కాస్త బరువైన విషయం. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో పడ్డప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

2021 మే నెలలో మన పత్రికల మొదటి పేజీల్లోకి ఒక కొత్త పేరు వచ్చింది, బ్లాక్ ఫంగస్. కొద్ది రోజులకే వైట్ ఫంగస్, యెల్లో ఫంగస్ అని ఇంకో రెండు తోడయ్యాయి. ఈ రంగుల పేర్లు జనాన్ని భయపెట్టాయే గాని విషయం చెప్పలేదు. అసలు ఆ ఫంగస్ నల్లగా ఉండదు. జబ్బు పేరు మ్యూకర్‌మైకోసిస్. దానికి కారణమైన బూజు తెల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది. అది ముక్కులోంచి సైనస్‌లలోకి పాకి రక్తనాళాల్లో దూరుతుంది. అక్కడ రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని కండ చచ్చిపోయి నల్లబడుతుంది. అంటే ఆ నలుపు మన ఒంటిదే. అది కంటికి కనబడేసరికి జబ్బు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

మరి ఈ బూజు ఎక్కడి నుంచి వచ్చింది? ఆక్సిజన్ సీసాలో నీళ్ళ వల్ల అన్నారు, మాస్కు ఉతక్కపోవడం వల్ల అన్నారు. ఆక్సిజన్ అసలు పెట్టించుకోని వాళ్ళకీ వచ్చింది. నిజానికి బూజు బీజాలు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆస్పర్‌జిల్లస్ అనే ఇంకో బూజు బీజం 2, 3 మైక్రాన్లే ఉంటుంది, ఊపిరితిత్తుల చివరిదాకా సులువుగా పోతుంది. మనందరం రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉంటాం. ఊరగాయ జాడీ సంగతి మీకు తెలుసు కదా. బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి, బూజు మాత్రం తడి గరిటె పెట్టిన జాడీకే పడుతుంది. ఉప్పూ నూనే జాడీని కాపాడినట్టు, ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాలు ఆ బీజాలను ఎప్పటికప్పుడు మింగేస్తుంటాయి.

తీవ్రమైన వైరస్ జబ్బు ఆ కాపలాను దెబ్బ తీస్తుంది. శ్వాసనాళాల లోపలి పొర చెదిరిపోతుంది, రక్షణ కణాలు తడబడతాయి. దానికి తోడు రెండు విషయాలు కలుస్తాయి. ఒకటి చక్కెర. షుగర్ అదుపు తప్పితే, ముఖ్యంగా రక్తంలో కీటోన్లు పెరిగి ఆమ్లత ఎక్కువైతే, మ్యూకర్ జాతి బూజులకు కావలసిన ఇనుము సులువుగా దొరుకుతుంది. రెండోది స్టెరాయిడ్.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. స్టెరాయిడ్ విలన్ కాదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ తేల్చిన సంగతి ఇది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, అదీ 10 రోజులకు మించకుండా ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో మరణాలు దాదాపు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఏ లాభమూ కనబడలేదు. మన దగ్గర రెండో వేవ్‌లో ఆ చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే, ఎవరో ఫార్వర్డ్ చేసిన చీటీ చూసి మందుల షాపులో స్టెరాయిడ్ కొన్నవాళ్ళున్నారు. అసలే షుగర్ ఎక్కువున్న దేశం, పైగా స్టెరాయిడ్ షుగర్‌ను ఇంకా పెంచుతుంది.

హెచ్చరిక ముందే ఉంది. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా దేశంలోని 16 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, మ్యూకర్‌మైకోసిస్ అంతకు ముందు ఏడాది అదే నెలలతో పోలిస్తే 2.1 రెట్లు పెరిగింది. స్టెరాయిడ్ సరిగ్గా వాడకపోవడం అందులో ఒక కారణంగా తేలింది. 2021 జులై నాటికి దేశంలో కేసులు 45 వేలు దాటాయి. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ రోగులతో నిండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ఈ వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఆ రోజుల్లో విదేశాల్లో ఉన్న మేం కూడా తెల్లవార్లూ వాట్సాప్ గ్రూపుల్లో యాంఫోటెరిసిన్ కోసం వెతికినవాళ్ళమే. ఎందుకంత కొరతో ఒక చిన్న లెక్క చెబుతుంది. లైపోసోమల్ రకం కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. ఒక్కో వయల్‌లో 50 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 6 వయల్స్, అదీ వారాల తరబడి. పాత రకం చవకే గాని కిడ్నీలను దెబ్బ తీస్తుంది. ఫంగస్ కణం బ్యాక్టీరియా కణంలా కాదు, చాలావరకు మన కణంలాగే ఉంటుంది. దాన్ని చంపే మందు మనకూ ఎంతో కొంత తగులుతుంది. మందు ఒక్కటే చాలదు, చచ్చిన కండను కోసి తీసెయ్యాలి. కొందరికి కన్ను, కొందరికి పైదవడ పోయాయి.

ఇది కోవిడ్‌తో మొదలైన కథా కాదు, దాంతో ముగిసేదీ కాదు. నెదర్లాండ్స్, బెల్జియం ఐసీయూల్లో 2009 నుంచి 2016 దాకా తీవ్రమైన ఫ్లూతో చేరిన 432 మందిని పరిశీలిస్తే 19 శాతం మందికి ఆస్పర్‌జిల్లస్ సోకింది. 90 రోజుల్లో వాళ్ళలో 51 శాతం చనిపోయారు. అది సోకనివాళ్ళలో 28 శాతం. ఫ్లూ ముదిరిందనుకుని ఊరుకుంటే దీన్ని పట్టుకోవడం కష్టం. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనబడొచ్చు, రక్తపరీక్షకు చాలాసార్లు దొరకదు. గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోంచి ద్రవం తీసి చూడాలి. ఏ బూజో తెలియడం కూడా ముఖ్యమే. ఆస్పర్‌జిల్లస్‌కు బాగా పనిచేసే వోరికోనజోల్ మ్యూకర్‌మైకోసిస్‌కు పనిచెయ్యదు.

అందుకే మనవాళ్ళు ఫ్లూతోనో కోవిడ్‌తోనో ఆసుపత్రిలో ఉంటే డాక్టరుగారిని మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. షుగర్ రోజుకు ఎన్నిసార్లు చూస్తున్నారు, ఎంత ఉంటోంది? స్టెరాయిడ్ ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు? కోలుకుంటున్న మనిషి మళ్ళీ దిగజారితే ఫంగస్ పరీక్ష చేశారా? ఇంటికొచ్చాక ముఖంలో ఒకవైపే నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లగానో నెత్తురుతోనో కారడం, పళ్ళు కదలడం, ఒకటి రెండుగా కనబడడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున్న చూద్దాంలే అనుకోకండి. ఆ రాత్రే ఈఎన్‌టీ డాక్టరున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.